మా ఐపీ బండి

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో ముప్పై ఏళ్ళు గుమస్తాగా పని చేశాడు. ఆయన నోట బూతు మాట నేనెప్పుడూ వినలేదు గానీ, "వాడు ఐపీ పెట్టే రకం" అన్నాడంటే ఆ మనిషి ఖాతా ఆయన దగ్గర మూసేసినట్టే. వ్యాపారి అప్పులు తీర్చలేక కోర్టుకెక్కి దివాలా పిటిషను వేస్తే మావైపు ఐపీ పెట్టాడంటారు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక షావుకారు ఐపీ పెట్టాడని కబురొచ్చింది. ఆయన దగ్గర వడ్డీకి ఉంచిన 18 వేల కోసం నాన్న పొద్దున్నే సైకిలేసుకుని బయల్దేరాడు, నేను వెనక క్యారియర్ మీద. ఇంటికి తాళం. అరుగు మీద మాలాంటివాళ్ళే నలుగురు కూర్చుని ఉన్నారు. నాన్న అరుగెక్కలేదు. పక్కసందులోంచి పెరట్లోకి తొంగి చూశాడు. కుడితి తొట్టి ఉంది, గుంజకి పలుపు వేలాడుతోంది, గేదె లేదు. "గేదెను కూడా తోలుకుపోయారంటే ఇంక రార్రా" అని సైకిలు వెనక్కి తిప్పాడు.

అలాంటి మనిషికి 2009 మే నెలలో ఫోన్ చేసి, జనరల్ మోటార్స్ (జీఎమ్) వాళ్ళ కారు కొంటున్నానని చెప్పాల్సొచ్చింది.

అప్పుడు మేం అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఉండేవాళ్ళం. కార్ల కంపెనీలకి ఎలక్ట్రానిక్ సామాను చేసిచ్చే ఒక సప్లయర్ దగ్గర నేను కాంట్రాక్టు మీద టెస్టింగ్ ఇంజినీర్ని. హెచ్‌1బీ వీసా. మా ఆవిడకి ఆగస్టులో పురుడు. ఇంట్లో ఉన్న కారు ఒక్కటే, 1996 కరోలా, ఊరొదిలి వెళ్ళిపోతున్న ఒక కుర్రాడి దగ్గర కొన్నది. ఇంజను బంగారం. కానీ మిషిగన్‌లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు కారుని కిందనుంచి తినేస్తుంది. వెనక సీటు ముందున్న మ్యాట్ ఎత్తితే అరచెయ్యంత కన్నం, అందులోంచి రోడ్డు పరిగెడుతూ కనిపించేది. దాని మీద ఒక అట్టముక్క, అట్టముక్క మీద మ్యాట్ వేసి నెట్టుకొచ్చాం. ఒకరోజు మా ఆవిడ ఆ మ్యాట్ తీసి నాకు చూపించి, "పిల్ల సీటు ఇక్కడే కదా పెట్టేది?" అంది. అంతే. కొత్త కారు కొనాలన్న నిర్ణయం అక్కడే అయిపోయింది.

కొనే సమయం చూడండి. 2008 నవంబరులో జీఎమ్, ఫోర్డ్, క్రైస్లర్, ఈ మూడు కార్ల కంపెనీల పెద్దలూ సొంత విమానాల్లో వాషింగ్టన్ వెళ్ళి ప్రభుత్వాన్ని డబ్బడిగి దేశమంతా నవ్వులపాలయ్యారు. డిసెంబరులో మళ్ళీ వెళ్ళారు, ఈసారి బుద్ధిగా కార్లలో. ఆ డబ్బిచ్చే బిల్లు సెనేట్‌లో పడిపోయింది. డిసెంబరు 19న బుష్, బ్యాంకుల కోసం పక్కన పెట్టిన నిధిలోంచి 17.4 బిలియన్ డాలర్ల అప్పు ప్రకటించాడు, 13.4 జీఎమ్‌కి, 4 క్రైస్లర్‌కి. మార్చి 30న ఒబామా, మీరిచ్చిన ప్రణాళికలు చాలవని రెండు కంపెనీలకీ చెప్పేశాడు. జీఎమ్ అధిపతి వాగనర్ దిగిపోయాడు. జీఎమ్‌కి అరవై రోజులు, క్రైస్లర్‌కి ముప్పై రోజులు గడువు. క్రైస్లర్ ఏప్రిల్ 30న దివాలా కోర్టుకెళ్ళింది. ఇక జీఎమ్ వంతు.

ఇవన్నీ మాకు పేపర్లో వార్తలు కావు. వాళ్ళు మా కంపెనీకి బిల్లు కట్టకపోతే మా కంపెనీ జీతాలివ్వలేదు. మార్చిలో సప్లయర్ల బకాయిలకి భరోసాగా ట్రెజరీ, అంటే అమెరికా ఆర్థికశాఖ, 5 బిలియన్ల పథకం పెట్టాక కాస్త ఊపిరి పీల్చుకున్నారు గానీ, మా కాంట్రాక్టర్ల గంట రేటు మాత్రం పది శాతం కోశారు. పోనీ ఉద్యోగం పోతే వేరేది వెతుక్కుందామా అంటే, ఆ రోజుల్లో హెచ్‌1బీ వాడికి ఉద్యోగం పోయిందంటే దేశంలో ఉండే హోదా కూడా ఆ రోజుతోనే పోయినట్టు. పైగా ఫిబ్రవరిలో వచ్చిన చట్టంలో, బెయిలవుట్ సొమ్ము, అంటే మునిగిపోకుండా ప్రభుత్వమిచ్చే సొమ్ము, తీసుకున్న సంస్థలు హెచ్‌1బీ వాళ్ళని కొత్తగా తీసుకోవాలంటే అదనపు షరతులు పెట్టారు. కాబట్టి బెయిలవుట్ తప్పా ఒప్పా అని నన్నెవరూ అడగకండి. ఆ డబ్బు లేకపోతే నేను ఆ ఏప్రిల్లోనే సూట్‌కేసులు సర్దుకునేవాణ్ణి. ఆ ఉప్పు తిన్నవాణ్ణి, నా తీర్పు చెల్లదు.

మొదట చూసింది హ్యుందాయ్. కొన్న ఏడాదిలోపు ఉద్యోగం పోతే కారు తిరిగిచ్చేయొచ్చని వాళ్ళు జనవరిలో ప్రకటించారు. నాలాంటివాడి కోసమే పెట్టినట్టుంది. కానీ ఆఫీసులో పక్క బల్ల మీద ఒక పెద్దాయన ఉండేవాడు, పాతికేళ్ళుగా కార్ల మధ్యే బతికినవాడు. నేను టొయోటా మ్యాట్రిక్స్ ధర చూస్తుంటే వెనకనుంచి చూసి, "అదే కారు మూడు వేలు తక్కువకి వస్తుంటే కొంటావా?" అన్నాడు.

ఆయన చెప్పింది జీఎమ్ వాళ్ళే పాంటియాక్ పేరుతో అమ్మే వైబ్ అనే కారు గురించి. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అనే చోట జీఎమ్, టొయోటా కలిసి నడిపే కార్ఖానా ఒకటుండేది, పేరు నమ్మీ. వైబ్ అక్కడ తయారయ్యేది. మ్యాట్రిక్స్‌కి కవల. ఇంజను టొయోటాది, గేర్‌బాక్సు టొయోటాది, పైన రేకూ ముక్కు మీద బొమ్మా పాంటియాక్‌వి. ఇంకో విచిత్రం, ఇంజను మీద టొయోటా ఇచ్చే వారంటీ 60 వేల మైళ్ళయితే, జీఎమ్ ఇచ్చేది లక్ష మైళ్ళు. టొయోటా కారుకి టొయోటా కన్నా జీఎమ్ ఎక్కువ పూచీ ఇస్తోందన్నమాట. మరి ధరెందుకు పడింది? ఏప్రిల్ 27న పాంటియాక్ పేరునే ఎత్తేస్తున్నామని జీఎమ్ ప్రకటించింది. ఆ పేరుతోనే ఉన్న పాంటియాక్ ఊరు మా ఇంటికి పట్టుమని పదిహేను మైళ్ళు కూడా లేదు. చచ్చిపోయిన బ్రాండు, చావబోతున్న కంపెనీ. ఎవరు కొంటారు?

నాన్నకి ఫోన్ చేశాను. ఆ జనవరిలోనే సత్యం వ్యవహారం బయటపడి, మన ఇళ్ళలో పెద్ద కంపెనీ అన్న మాటకే విలువ లేకుండా పోయిన రోజులు. ఆయన మొత్తం విని ఒక్కటే అడిగాడు.

"వాళ్ళు ఐపీ పెడతారా?"

"పెట్టేట్టే ఉన్నారు నాన్నా. జూన్ ఒకటి అంటున్నారు."

"మరి తెలిసి తెలిసి ఎట్టా కొంటున్నావురా? రేపు బండికేమన్నా అయితే ఎవరి గుమ్మం ముందు కూర్చుంటావు?"

ఒబామా మార్చి 30న చెప్పిన మాట చెప్పాను. ఈ కంపెనీల కార్లు కొన్నవాళ్ళ వారంటీకి ఆ రోజునుంచి అమెరికా ప్రభుత్వమే పూచీ, వారంటీకి ముందెన్నడూ లేనంత భద్రత అన్నాడాయన.

"సర్కారు హామీయా?" అన్నాడు నాన్న. కాసేపు ఆగాడు. "మద్దతు ధరలాంటిదా?"

నా దగ్గర జవాబు లేదు. పక్కనుంచి అమ్మ ఫోన్ లాక్కుని, తెచ్చుకునేది ఏ రోజని అడిగింది. సోమవారం సాయంత్రం కావచ్చన్నాను. "సోమవారం రాహుకాలం పొద్దున్నే పోతుంది, సాయంత్రం పర్లేదు" అంది. కంపెనీ దివాలా సంగతి ఆమెకి అసలు అడ్డే కాలేదు.

డెట్రాయిట్ చుట్టుపక్కల ఇంకో వింత ఉండేది. కార్ల రాజధాని అంటారు గానీ శనాదివారాలు అక్కడ షోరూములు మూసేసేవాళ్ళు. సోమవారం, గురువారం మాత్రం రాత్రి తొమ్మిది దాకా తీసి ఉంచేవాళ్ళు. అందుకని మే 28, గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళాను. దుకాణం పేరు చెప్పను. బయట స్థలం నిండా కార్లు, ఒక్కోదానికి బెలూను కట్టారు. కొన్ని బెలూన్లు గాలిపోయి అద్దాల మీద వాలి ఉన్నాయి. లోపల కొనేవాణ్ణి నేనొక్కణ్ణే. గోడకున్న టీవీలో జీఎమ్ వార్తే వస్తోంది. నన్ను చూడగానే అరవై ఏళ్ళ సేల్స్‌మన్ ఒకాయన రిమోట్ తీసుకుని, ఛానెల్ మార్చకుండా గొంతు మాత్రం నొక్కేశాడు. బొమ్మ ఆడుతూనే ఉంది.

అప్పటికి రెండు వారాల కిందటే, మే 15న, జీఎమ్ దాదాపు 1,100 మంది డీలర్లకి ఉత్తరాలు పంపింది, వచ్చే ఏడాది అక్టోబరులో ఒప్పందం ముగిశాక మిమ్మల్ని కొనసాగించం అని. క్రైస్లర్ అయితే 789 మంది పేర్లు కోర్టులోనే బయటపెట్టింది. జీఎమ్ పేర్లు చెప్పలేదు. ఎవరికి ఉత్తరం వచ్చిందో వాళ్ళు చెబితేనే తెలుస్తుంది. నేను ఉండబట్టలేక అడిగేశాను, మీకు వచ్చిందా అని. ఆయన టై సర్దుకుని, "సర్వీసు విభాగం ఎప్పట్లాగే ఉంటుంది సర్" అన్నాడు. అడిగినదానికి అది జవాబు కాదు. కానీ నాకు జవాబు దొరికింది.

బేరం పెద్దగా లేదు. ఎర్ర వైబ్, 1.8 లీటర్ల ఇంజను, ఆటోమేటిక్. స్టిక్కర్ మీద 18 వేల చిల్లర. రిబేటు, దాని మీద ఇంకో తగ్గింపు, డీలరు తన వంతు వదులుకున్నది, అన్నీ పోను 14 వేల దగ్గర ఆగింది. సప్లయర్ కంపెనీల ఉద్యోగులకి మరికొంత తగ్గుతుందట, కాంట్రాక్టర్ని గనక నాకు రాలేదు. ఆ ఏడాది కొన్న కొత్త కార్ల అమ్మకపు పన్ను మీద ఆదాయపన్నులో మినహాయింపు కూడా ఇచ్చారు. మిషిగన్‌లో అది ఆరు శాతం, అంటే 840 డాలర్లు. ఆ ముక్క నేనే గుర్తు చేశాను, ఆయనకి తెలియదు.

అప్పు దగ్గర పీటముడి పడింది. ఒక బ్యాంకు నా వీసా ఎన్నాళ్ళుందో చూసి, అన్ని నెలల్లోనే తీర్చేయాలంది. పందొమ్మిది నెలలు. కంపెనీ ఎన్నాళ్ళుంటుందో అని నేను భయపడుతుంటే, నేనెన్నాళ్ళుంటానో అని బ్యాంకు భయపడుతోంది. చివరికి నా ఖాతా ఉన్న క్రెడిట్ యూనియన్‌ (సహకార బ్యాంకులాంటిది) వాళ్ళు నాలుగేళ్ళకి ఇచ్చారు.

కాగితాల గదిలో ఇంకో తమాషా. బయట సేల్స్‌మన్, "జీఎమ్ ఎక్కడికీ పోదు సర్, వందేళ్ళ కంపెనీ" అన్నాడు. లోపల సంతకాలు పెట్టించే కుర్రాడు గొంతు తగ్గించి, "రేపు కంపెనీ ఉంటుందో లేదో, ఎందుకైనా మంచిది, వేరే సంస్థ ఎక్స్‌టెండెడ్ వారంటీ ఒకటి తీసుకోండి, 1,800" అన్నాడు. రెండు గదుల మధ్య సగం ఎత్తు గాజు గోడే అడ్డం. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి ఏదో ఒక మాట మీదికి రమ్మందామనుకున్నా. వద్దని సంతకం పెట్టాను. కారు కడిగి, పెట్రోలు పోసి, సోమవారం ఇస్తామన్నారు.

సోమవారం, జూన్ 1. పొద్దున ఆఫీసుకి వెళ్ళేసరికి న్యూయార్కు కోర్టులో పిటిషను పడిపోయింది. అప్పులు 172 బిలియన్ల పైచిలుకు, ఆస్తులు 82. శుక్రవారం షేరు 75 సెంట్ల దగ్గర ముగిసింది. మా క్యాంటీన్ మెషీన్లో చాక్లెట్ ముక్క కూడా అంతకన్నా ఖరీదు. కొత్త కంపెనీలో అమెరికా ప్రభుత్వానికి 60 శాతం, కెనడాకి 12, కార్మికుల వైద్య నిధికి 17.5, బాండ్లు కొన్నవాళ్ళకి 10 అని టీవీలో రంగుల చక్రం వేసి చూపిస్తున్నారు. పాత షేర్లున్నవాళ్ళకి ఆ చక్రంలో ముక్క లేదు. నాకు కారు సంగతి చెప్పిన పక్క బల్ల పెద్దాయన భోజనం డబ్బా మూత తీయకుండా ఆ చక్రాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆయన దగ్గర షేర్లున్నాయో లేదో నేను అడగలేదు. మధ్యాహ్నానికల్లా 'గవర్నమెంట్ మోటార్స్' అన్న జోకు మొదలైపోయింది.

సాయంత్రం ఆరున్నరకి మా ఆవిడతో కలిసి వెళ్ళాను. నిజం చెప్పొద్దూ, దారిలో నా కళ్ళముందు ఆ పెరడే మెదిలింది, ఖాళీ గుంజ. మలుపు తిరిగాక దుకాణం దీపాలు కనిపించాయి. అన్నీ వెలుగుతున్నాయి. తలుపు దగ్గర కాఫీ కాగుతోంది. సర్వీసు బేలో ఎవరిదో ట్రక్కుకి చక్రాలు బిగిస్తున్న చప్పుడు. ఐపీ పెట్టిన ఇల్లు ఇలా కూడా ఉంటుందా అనిపించింది. పాత కంపెనీలో చెడ్డదంతా ఒక గంపలో వేసి కోర్టు దగ్గర వదిలేసి, మంచిదంతా ఇంకో గంపలో పెట్టుకుని కొత్త కంపెనీగా బయటికొస్తారని తర్వాత పేపర్లో చదివాను. నలభై రోజుల్లో, జూలై 10కల్లా ఆ పనైపోయింది. మా షావుకారికి ఈ విద్య తెలిసుంటే గేదె మిగిలేది.

కారు తెచ్చి ముందు నిలబెట్టారు. మా ఆవిడ సంచిలోంచి కుంకుమ, ఐదు నిమ్మకాయలు తీసింది. బానెట్ మీద బొట్టు పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు కాయలు పెట్టింది. సేల్స్‌మన్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. చెప్పలేదు కదూ, అమెరికాలో పాడు కారుని 'లెమన్' అంటారు, అంటే నిమ్మకాయ. అలాంటి కారు అంటగడితే కొన్నవాడి తరఫున అడిగే చట్టానికి 'లెమన్ లా' అనే పేరు. ముప్పై ఏళ్ళుగా కార్లమ్ముతున్నాయన ముందు మేం నిమ్మకాయలు పరిచాం.

"నేను తప్పేమన్నా చేశానా?" అన్నాడాయన, సగం నవ్వుతూ.

దిష్టి తీయడమంటే ఏంటో నాకొచ్చినట్టు చెప్పాను. ఇవి చిదిమిపోతే ఆ దోషం అక్కడితో పోతుందని. ఆయన తలూపి, పక్కకి జరిగి నాకు చేత్తో దారి చూపించాడు. నాలుగూ టప్‌మని పగిలాయి. ఇవాళ ఎన్ని కార్లు పోయాయని అడిగితే, "ఇదొక్కటే" అన్నాడు. మా ఆవిడ చేతిలో మిగిలిన ఐదో కాయని చూసి, "అది మీకు కావాలా?" అని అడిగాడు. ఇచ్చేసింది. మేం గేటు దాటేటప్పుడు అద్దంలో చూశాను, దాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి ఎగరేసుకుంటూ లోపలికి వెళ్తున్నాడు.

ఇంటికొచ్చాక బానెట్ ఎత్తి చూస్తే, ఒక ప్లాస్టిక్ మూత మీద టొయోటా అని అచ్చు పోసి ఉంది. ఫొటో తీసి నాన్నకి పంపాను. "సరే, లోపల సరుకు వేరేవాళ్ళదన్నమాట" అన్నాడు. అయినా ఆయన నోట దాని పేరు 'ఐపీ బండి'గానే స్థిరపడిపోయింది. ఫోన్ చేసినప్పుడల్లా, "మనవరాలెట్టా ఉంది, ఐపీ బండెట్టా ఉంది?"

పాత కరోలాని 700కి అమ్మేశాను, కన్నం చూపించే. జూలై చివర్లో 'క్యాష్ ఫర్ క్లంకర్స్' వచ్చింది. పెట్రోలు తాగే పాత బండి ఇచ్చి కొత్తది కొంటే ప్రభుత్వం 3,500 గానీ 4,500 గానీ ఇచ్చేది. బిలియన్ డాలర్లు వారంలో అయిపోతే ఇంకో రెండు బిలియన్లు పోశారు. తొందరపడ్డావని స్నేహితులు అన్నారు గానీ, ఆగినా నాకు దక్కేది కాదు. గ్యాలనుకి 18 మైళ్ళకి మించి ఇచ్చే పాత బండి పనికొచ్చేది కాదు, నా కరోలా కన్నంతో కూడా పాతిక పైన ఇచ్చేది. నా స్నేహితుడొకడు గ్యాలనుకి పదిహేను ఇచ్చే డొక్కు ఎస్‌యూవీ ఇచ్చి 4,500 కొట్టేశాడు. దాని ఇంజనులో ఆయిలు తీసేసి సోడియం సిలికేట్ ద్రావణం పోసి, పట్టేసేదాకా నడిపి చంపేవాళ్ళు. వాడు నిలబడి చూశాట్ట. రెండు నిమిషాలు పైగా గింజుకుందిరా అని చాన్నాళ్ళు చెప్పుకున్నాడు.

2010 మొదట్లో ఉత్తరం ఒకటొచ్చింది. టొయోటా గ్యాస్ పెడల్ ఇరుక్కునే ప్రమాదం ఉందని 23 లక్షల కార్లు వెనక్కి పిలిచినప్పుడు, అదే పెడల్ ఉందని వైబ్‌నీ కలిపారు. నా పెడల్ ఒక్కసారీ ఇరుక్కోలేదు. కానీ చూశారా, టొయోటా సరుకని కొన్నందుకు టొయోటా రీకాలు, పాంటియాక్ అని కొన్నందుకు మూతపడుతున్న దుకాణం. దుకాణం ఇంకా తీసే ఉంది. షోరూములో కార్లు మాత్రం రెండే మిగిలాయి. మెకానిక్ పెడల్లో చిన్న ఉక్కు ముక్క బిగించి ఇచ్చాడు. పైసా అడగలేదు. మా సేల్స్‌మన్ బల్ల ఖాళీగా ఉంది. ఏడాది చివరికి ఆ బోర్డే దింపేశారు. ఫ్రీమాంట్ కార్ఖానా అంతకుముందే, ఏప్రిల్ 1న మూతపడింది.

2013 డిసెంబరులో ట్రెజరీ చివరి జీఎమ్ షేర్లు అమ్మేసింది, పది బిలియన్ల పైన నష్టానికి. నేను కట్టిన పన్నులో ఎన్ని సెంట్లు అందులో పోయాయో గానీ, మూడు వేలు తక్కువకి కొన్నవాణ్ణి, నోరెత్తను.

2018లో వైబ్‌ని అమ్మాను. 1,42,000 మైళ్ళు. కొన్నది ఎమ్మెస్‌కి వచ్చిన ఒంగోలు కుర్రాడు. ముక్కు మీది బొమ్మ చూసి, "ఇదే కంపెనీ అంకుల్?" అన్నాడు. బానెట్ ఎత్తి ఆ ప్లాస్టిక్ మూత చూపించాను.

ఆ రాత్రి నాన్న ఫోన్. "ఐపీ బండి పోయిందా? ఎంతకి?"

"3,200 నాన్నా."

"నగదేనా?"

"నగదే."

"లెక్కపెట్టుకున్నాకే తాళాలిచ్చావా?"